మత్తడి మీద మోకు

అరవై ఎనిమిదేళ్ల వయసులో, పోయిన నెల, ఒక పరాయి పిల్లవాడి చెంప పగలగొట్టాను. ఒకటి కాదు, రెండు దెబ్బలు. మా మనవరాలు శ్రీజ హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. వరసగా నాలుగు రోజులు సెలవులు దొరికితే "సముద్రం చూపిస్త పా అమ్మమ్మా" అని నన్ను కారులో వేసుకుని తీరం దాకా తీసుకుపోయింది. అదొక చిన్న బెస్తపల్లె. జనం లేరు, అరుపులు లేవు, మెత్తటి ఇసుక, మోకాలెత్తు అలలు. అక్కడ సర్ఫింగ్ నేర్పుతారు. పలక మీద బోర్లా పడుకుని, అల తోసినప్పుడు లేచి నిలబడాలి. ఏడేళ్ల పిల్ల నుంచి పొట్ట పెరిగిన బ్యాంకు మేనేజరు దాకా అందరూ పడుతున్నారు, లేస్తున్నారు, నవ్వుతున్నారు. నేను గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వేయించిన పల్లీలు తింటున్నాను. నేర్పే కుర్రవాడు శ్రీజ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆమె చీలమండకు ఒక పట్టీ చుట్టాడు. పట్టీకి తాడుంది. తాడు రెండో కొస పలకకు ఉంది. అంతే, పల్లీల పొట్లం ఎక్కడ పడేశానో, ఇసుకలో ఎట్లా నడిచానో నాకు గుర్తు లేదు. వాడు తలెత్తేలోపల కొట్టాను.

"ఏంటండీ మామ్మగారూ, నేనేం చేశాను?" అన్నాడు వాడు చెంప పట్టుకుని. "తాడెందుకు కడ్తున్నవ్ రా? నీ చెల్లెకైతే గట్లనే కడ్తవా?" అని నేను అరుస్తూనే వంగి శ్రీజ కాలి పట్టీ పీకేశాను. శ్రీజ సిగ్గుతో ఎర్రబడింది. "అమ్మమ్మా, నీకేమన్న పిచ్చా? అది లేకుంటే పలక కొట్టుకపోయి ఇంకొకళ్లకు తగుల్తది. అందరు కట్టుకుంటరు." పాపం, ఆ కుర్రవాడు మంచివాడు. ఇక్కడ అడుగున రాళ్లు లేవు, అంతా ఇసుకే, పట్టీ ఒక్క లాగుడుకు ఊడిపోతుంది అని పదిసార్లు ఊడదీసి చూపించాడు. ఊడుతుందని నా కళ్లకు కనిపిస్తూనే ఉంది. అయినా చాలాసేపు ఆ పట్టీని పిడికిట్లోంచి వదల్లేదు. తిరిగి సిద్దిపేటకు వచ్చేదాకా శ్రీజ నాతో సరిగా మాట్లాడలేదు. మాట్లాడకపోవడం న్యాయమే. కొట్టే చెయ్యి మా ఇంట్లో తరతరాల ఆస్తి. నాకు రాలేదనుకున్నాను, వచ్చింది. ముప్పై ఏళ్లు బడిలో పంతులమ్మగా పనిచేసి ఒక్క పిల్ల వీపు మీద చెయ్యి వేయని దాన్ని, చివరికి ఆ సముద్రపు ఒడ్డున బయటపడ్డాను. ఎందుకు కొట్టానో శ్రీజకు చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి. అన్న బతికున్నన్నాళ్లూ ఎవరికీ చెప్పనివ్వలేదు. అన్న పోయి ఏడాదయింది. ఇక నన్ను ఆపేవాళ్లు లేరు.

మాది గౌండ్ల ఇల్లు. ఊరు సిద్దిపేటకు ఇప్పుడైతే ఆటోలో ఇరవై నిమిషాలు, అప్పుడు నడిస్తే ఒక పూట. బాపు, అంటే మా నాన్న, కల్లు గీసేవాడు. మా ఇంట్లో తెల్లవారడమంటే కోడి కూయడం కాదు, బాపు కత్తి నూరడం. పొడుగాటి చెక్క మీద పలుగురాళ్ల పొడి చల్లి ఆ కత్తిని అటూ ఇటూ రాస్తుంటే వచ్చే గరగర శబ్దానికి మా అందరికీ మెలకువ వచ్చేది, మెలకువ వచ్చినా కదిలేవాళ్లం కాదు. శబ్దం ఎట్లా ఉందో విని ఆ రోజు బాపు కోపం ఎంతుందో లెక్కగట్టేవాళ్లం. ఇల్లంతా పులిసిన కల్లు వాసన, పొగబెట్టిన లొట్టి కుండల వాసన, వాటి చుట్టూ ముసిరే ఈగలు. మా అమ్మను అవ్వ అనేవాళ్లం, ఆమె వాకిట్లో కూర్చుని గుడ్డతో కల్లు వడగట్టేది. ఆమె చేతులకు ఆ పులుపు వాసన స్నానం చేసినా పోయేది కాదు, అన్నం కలిపి పెడితే ముద్దలో కూడా తెలిసేది. ఇక మోకు. చెట్టెక్కేటప్పుడు చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే తాడు అది. నారతో లావుగా పేని, నడుముకు ఆనేచోట తోలు వేసి కుట్టి ఉండేది. బాపు మంచానికి పైన గోడకు ఒక కొయ్య, ఆ కొయ్యకు మోకు. దాన్ని ఎవరూ దాటకూడదు, ఊరికే ముట్టకూడదు. రోజూ సాయంత్రం బాపు దాన్ని ఒళ్లో పెట్టుకుని జానెడు జానెడు వేళ్ల మధ్య జరుపుతూ పోగు ఎక్కడైనా తెగిందా అని చూసేవాడు. అంత మెత్తగా ఆయన చేతులు మా ఒంటి మీద ఎప్పుడూ ఆనలేదు.

ఆయన కొట్టేవాడు అని రాస్తే ఏమీ రాసినట్టు కాదు. ఆయనకు మాటలు తక్కువ, చెప్పాల్సినవన్నీ చేత్తోనే చెప్పేవాడు. నీళ్లు ఆలస్యమైతే చెంబు వచ్చి తగిలేది. నవ్వితే ఎందుకు నవ్వారని, ఏడిస్తే ఎందుకు ఏడ్చారని. అన్న పేరు మల్లేశం, నాకంటే నాలుగేళ్లు పెద్ద. వాడికి పదిహేనేళ్లు నిండకుండానే చెట్టు ఎక్కించాడు. వాడు పైన ఉంటే బాపు కింద నిలబడి, కాలు తప్పుగా పెట్టినప్పుడల్లా రాయి విసిరేవాడు. మోకు మీద మాత్రం తప్పు చేస్తే రాయితో పోయేది కాదు. ఒకరోజు అన్న దిగుతూ, ఇంక మనిషెత్తు మాత్రమే ఉంది కదా అని మోకు విడిచి దూకాడు. బాపు అదే మోకుతో వాడిని ఆ చెట్టుకే కట్టి, మిగిలిన కొసతో కొట్టాడు. పొద్దు గూకేదాకా అట్లాగే ఉంచాడు. "మోకు ఇడిస్తె పాణం ఇడిసినట్టే. కాలు భూమికి ఆనేదాంక ఇడువద్దు. ఏందిరా? ఏం జెప్పిన?" "మోకు ఇడువద్దు బాపూ." "మల్ల జెప్పు." ఎన్నిసార్లు చెప్పించాడో. రాత్రి అవ్వ పసుపు, నూనె కలిపి రాస్తుంటే అన్న వీపు దున్నిన చెలకలా ఉంది. అవ్వ మీద కూడా నాకు మంటగా ఉండేది. ఆపడం చేతగాదు, రాయడం చేతనవుతుంది అనుకునేదాన్ని. ఆ దెబ్బలతో మోకు మాట మా అన్న ఎముకల్లోకి దిగిపోయింది. నాకు వీపు మీద పడకపోయినా వినీ వినీ నా ఎముకల్లోకీ దిగింది.

మా ఊరి చెరువు ఏటా నిండేది కాదు. కొన్నేళ్లకోసారి, వాన తిక్కగా కొడితే, చెరువు నిండి మత్తడి దుంకేది, అలుగు పారడమన్నమాట. ఆ ఏడు బతుకమ్మ రోజుల్లో మూడు రాత్రులు, మూడు పగళ్లు వాన కొట్టింది. నాలుగోనాడు పొద్దున ఇంట్లో కూర్చున్నా హోరు వినిపించింది. మత్తడి అంటే మట్టి కట్ట కాదు, ఏటవాలుగా పేర్చిన రాళ్ల గోడ. ఇద్దరు మనుషుల ఎత్తు ఉంటుంది. దాని మీదుగా నీళ్లు జారి కింద వాగులో పడతాయి, వాగు మలుపులో తెల్లటి ఇసుక మేట. చిన్నపిల్లలు ఒక చివరన, నీళ్లు చీర పరిచినంత పల్చగా ఉన్నచోట, పిర్రల మీద జారేవారు. కొంచెం పెద్దవాళ్లు తాటిమట్టలు వేసుకుని దానికి ఇవతల. అందరికంటే మొనగాళ్లు నడిమి గండి దగ్గర. అక్కడ గోడ కొంచెం కుంగి ఉండేది, నీళ్లన్నీ అటే ఎగబడేవి. కింద పడ్డ నీళ్లు రాళ్లకు కొట్టుకుని వెనక్కి తిరగబడి, నిలువెత్తున లేచి, అక్కడే అట్లా లేచి ఉండిపోయేవి. సముద్రంలో అల వస్తుంది, పోతుంది. మా మత్తడి అల పోదు. మనిషినే పంపిస్తుంది. ఎక్కడ పడ్డా చివరికి ఇసుక మేట మీదకు తెచ్చి పారేసేది కాబట్టి మా ఊళ్లో ఎవరికీ భయం ఉండేది కాదు. ముక్కు పగిలేది, మోచేయి చీరుకుపోయేది, మళ్లీ ఎక్కేవారు.

అన్న మా కొట్టం తలుపు రెక్క ఒకటి ఊడదీసి తెచ్చాడు. ఎండి ఎండి తేలికైపోయిన పాత చెక్క, ఒక పక్కన గొళ్లెం తగిలించే ఇనుప కడియం. మొదటిసారి అందరిలాగే బోర్లా పడుకుని దిగాడు. రెండోసారి మోకాళ్ల మీద. మూడోసారి, గండి దాటి పలక ఆ లేచిన నీటి మీదకు ఎక్కగానే, వాడు నిలబడ్డాడు. నిజంగా నిలబడ్డాడు. తాటిచెట్టు మీద గాలికి ఊగుతూ గీసేవాడికి కాళ్లకు తెలివి ఉంటుంది. నీళ్లు తోస్తున్నాయి, తిరగబడ్డ నీళ్లు ఆపుతున్నాయి, ఆ రెండింటి మధ్య వాడు కొంచెం వంగి, చేతులు చాచి అక్కడే నిలబడ్డాడు. ముందురోజు ఆడవాళ్లు చెరువులో వేసిన బతుకమ్మల గునుగు పూలు కొట్టుకొచ్చి వాడి మోకాళ్లకు అంటుకున్నాయి. నేను ఇసుకలో నిలబడి ఒకటి రెండు అని లెక్కపెట్టాను. ఇరవై దాకా వచ్చింది. అంతసేపూ మా అన్న ముఖం చూశాను, నాకు తెలిసిన ముఖం కాదు అది. ఎవరూ వెనక నుంచి కొట్టరు అని నమ్మకం ఉన్నవాడి ముఖం. బయటికి వచ్చాక పళ్లు టకటకలాడుతుంటే "గాడ నిలవడ్డప్పుడు ఏం యాదికి రాదు లచ్చీ. ఒక్కటి గూడ యాదికి రాదు" అన్నాడు. ఇంకోసారి, ఇంకోసారి అని ఆ రోజంతా ఎక్కాడు. వాడికి కావలసింది అదొక్కటే. నాకు కావలసింది వాడు అట్లా ఉండటం.

పలక పట్టు తప్పితే మాత్రం దొరికేది కాదు, ముందే ఇసుక మేట చేరేది. అక్కడ పటేలు కొడుకు తిరుపతి, వాడి తమ్ముళ్లు ఉండేవాళ్లు. వాళ్లకు ట్రాక్టరు ట్యూబులున్నాయి, నడిమి గండి తమదే అన్నట్టు ఉండేవారు. ట్యూబు మీద ఎవడూ నిలబడలేడు కదా, కడుపు మంట. ఒకసారి పలక కొట్టుకొస్తే తిరుపతి దాని మీద కాలు పెట్టి "గౌండ్లోనికి చెట్టుండంగ నీళ్లెందుకురా? పో, చెట్టెక్కు" అన్నాడు. అన్న పలక లాక్కోబోయాడు. నలుగురు మీద పడ్డారు. ఇసుకలో ముఖం ఆనించి తొక్కారు. నేను ఒకడి చెయ్యి కొరికితే వాడు నన్ను వాగులోకి తోశాడు. అన్నకు ముందుపన్ను సగం విరిగింది. లేచి పలక ఎత్తి తిరుపతి నొసటి మీద అంచుతో కొట్టాడు. నెత్తురు వాడి కళ్లలోకి కారింది. "ఇంకోపారి నీ పల్క గీడికొస్తె పొయ్యిల వెడ్త" అని తిరుపతి నొసలు పట్టుకుని పోయాడు. సాయంత్రం పటేలు మా వాకిట్లోకి వచ్చాడు. ఆయన ఇంకా నోరు తెరవకముందే బాపు అన్నను జుట్టు పట్టి బయటికి ఈడ్చాడు. ఆ రోజు కొట్టినవి అన్న కోసం కాదు, పటేలు కళ్ల కోసం. కొంతసేపటికి పటేలుకే ఇబ్బందిగా ఉంది. "ఇగ సాలు తియ్యి, పోరడు సస్తడు" అన్నాడు. బాపు ఆగలేదు. ఆపడం తెలిసినవాడైతే కదా. చివరికి చెయ్యి నొప్పి పుట్టి వదిలి, "రేపు మత్తడి తొక్కితే రెండు కాళ్లు ఇరగ్గొడ్త" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బాపు పొద్దుటి చెట్లు గీసి వచ్చి, తాగి, పడుకున్నాడు. అన్న మెల్లగా మంచం దగ్గరికి పోయి కొయ్య మీది మోకు తీశాడు. వెంట పరుగెత్తాను. మత్తడి పక్కన రాయి మీద కూర్చుని వాడు మోకు ఒక కొసను తలుపు రెక్క కడియంలోంచి దూర్చి కట్టాడు, రెండో కొసను నడుముకు చుట్టి గౌండ్ల ముడి వేసి వెనక్కి తిప్పుకున్నాడు. "అన్నా, మోకెందుకే? బాపుకు తెలిస్తె సంపుతడు." "పల్క పోతె మల్ల వాళ్ల చేతుల పడ్తది లచ్చీ. బాపు లేవకముందే కొయ్యకు పెడ్త." గండిలో నీళ్లు నిన్నటికంటే లావుగా ఉన్నాయి. నాకు భయంగానే ఉంది, అది నా ముఖంలో కనిపించిందేమో, అన్న నడుముకున్న ముడిని తట్టి "మోకుంది గదనే, ఏం గాదు" అన్నాడు. నిజం రాస్తున్నాను, ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. మోకుంది గదా అనుకున్నాను. ఊళ్లో వేరే ఏ పిల్లవాడైనా నీళ్లలోకి దిగేముందు ఒంటి మీది తాడు విప్పేస్తాడు. ఆ పూట వాగు దగ్గర ఇరవై మంది ఉన్నారు, అట్లా నడుముకు కట్టుకుని దిగాలని ఎవడికీ తోచదు. మాకే తోచింది, ఎందుకంటే పుట్టిన దగ్గరినుంచి మాకు చెప్పింది అదొక్కటే. మోకు ఉంటే పాణం ఉంటుంది.

మొదటిసారి బాగానే దిగాడు. పలక జారినా తాడు లాగి మళ్లీ పట్టుకున్నాడు, నావైపు చూసి నవ్వాడు, విరిగిన పన్ను కనిపించింది. రెండోసారి నిలబడబోయి వెనక్కి పడ్డాడు. పలక నిలువుగా లేచి, గండి కింద రెండు రాళ్ల మధ్య అడ్డంగా దూరి ఇరుక్కుపోయింది. అన్నను నీళ్లు అవతలికి తోశాయి, మోకు టక్కున బిగిసింది. మామూలుగా ఎవడినైనా ఇసుక మేటకు పారేసే నీళ్లు వాడిని పారేయలేకపోయాయి, మోకు పట్టుకుంది. నీళ్లు వాడి వీపు మీదకు ఎక్కి తలను కిందికి తొక్కాయి. ఒక చెయ్యి బయటికి వచ్చింది, మునిగింది. మళ్లీ వచ్చింది. మొదట దూకింది తిరుపతి, నొసటికి కట్టు ఉండగానే. మోకు దొరకబుచ్చుకుని వేళ్లతో ముడి పీకుతున్నాడు. గౌండ్ల ముడి లాగినకొద్దీ బిగుస్తుంది, అందుకే కదా అది చెట్టు మీద మనిషిని కాపాడేది. "వస్తలేదు, ముడి వస్తలేదు" అని వాడు ఏడుస్తూ అరుస్తున్నాడు. నేను కట్ట మీదికి పరుగెత్తాను. ఎదురుగా బాపు వస్తున్నాడు, చేతిలో దుడ్డుకర్ర. లేచి ఖాళీ కొయ్య చూసి, చెప్పినట్టే కాళ్లు విరగ్గొట్టడానికి వస్తున్నాడు. "బాపూ, అన్న మోకుల ఇరికిండు, నీళ్లల్ల" అన్నాను. కర్ర అక్కడే పడేశాడు. ఆయనకు ఈత రాదు. ఊరంతటికీ తెలుసు అది. నడుముకున్న గీత కత్తి తీసి పళ్ల మధ్య కరుచుకుని, రాళ్లు పట్టుకుంటూ మెడలోతు నీళ్లలోకి దిగాడు. తిరుపతి తమ్ముళ్లు ఆయన ధోతి పట్టుకున్నారు. మోకు చేతికి అందింది. కత్తి దాని మీద పెట్టాడు. పెట్టి, ఆగాడు. రెప్పపాటు కంటే ఎక్కువ కాదు, కానీ ఆగాడు, నేను చూశాను. ఆ తర్వాత ఒక్క వేటుతో నరికాడు.

ఇసుక మీద అన్న నల్లబడి పడి ఉన్నాడు. తిరుపతి వాడిని ట్యూబు మీద బోర్లా వేసి వీపు మీద గుద్దాడు. నోట్లోంచి, ముక్కులోంచి నీళ్లు, గునుగు పూల రెక్కలు వచ్చాయి. దగ్గాడు. ఊపిరి తీశాడు. ఆ ఊపిరి ఇంకా పూర్తిగా లోపలికి పోకముందే బాపు చేతిలోని తెగిన మోకు ముక్కతో కొట్టడం మొదలుపెట్టాడు. బతికించిన చేత్తోనే. తిరుపతి అడ్డం పడితే వాడికీ తగిలింది. "మోకు కోయిస్తివి గదరా! నాతోని మోకు కోయిస్తివి!" అంటూ ఇసుక, నీళ్లు, నెత్తురు చూసుకోకుండా కొడుతున్నాడు. అవ్వ ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. ఆమె చేతిలో వాగు రాయి ఉంది. బాపు తల మీద ఒకటి వేసింది. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. "మల్ల చెయ్యి లేపు. గీడనే బొంద వెడ్త నిన్ను" అంది అవ్వ. గొంతు కూడా పెంచలేదు. బాపు తల తడుముకుని చేతికంటిన నెత్తురు చూసుకున్నాడు. తర్వాత మోకు రెండు ముక్కలూ ఏరుకుని, చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ చెట్లు ఆగవు. రోజూ గీయకపోతే గెల ఎండిపోతుంది, ఎండితే ఆ చెట్టు ఆ ఏటికి పోయినట్టే. పైగా ముందుంది దసరా, ఊరంతా కల్లు కోసం కాచుకుని ఉంది. సిద్దిపేటలో కొత్త మోకు పేనించాలంటే నాలుగు రోజులు. మావాళ్లలో ఒకరి మోకు ఇంకొకరికి ఎరువివ్వరు, అడగరు కూడా. బాపు మంచం మీద కూర్చుని రెండు ముక్కల్నీ కలిపి ముడివేశాడు. లాగి చూశాడు, మళ్లీ వేశాడు. ముడి పడ్డ మోకు ఉరితాడే అని మాకు చెప్పింది ఆయనే. తలకు గుడ్డ, గుడ్డ మీద నెత్తురు మరక. అవ్వ పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుంది. ఈతచాప మీద పడుకున్న అన్న, లేవలేనివాడు, మోచేతుల మీద లేచి "బాపూ, గా మోకు ఎక్కకు" అన్నాడు. ఆయనకు ఏదైనా చెప్పడం వాడికి అదే మొదలు. "నువ్వు నాకు జెప్తవార?" అని బాపు వాడి డొక్కలో తన్ని, దాటుకుని పోయాడు. మూడో చెట్టు మీద ముడి జారింది. ఎడ్లబండిలో గడ్డి పరిచి సిద్దిపేట దవాఖానకు తీసుకుపోయారు. నెల రోజుల తర్వాత తిరిగి తెచ్చేటప్పుడు కూడా అదే బండి, అదే గడ్డి. నడుము కింద ఇక ఏమీ లేదు.

ఆ రోజు పట్టీ మళ్లీ కట్టుకుని శ్రీజ ఆ సముద్రంలో పన్నెండు సార్లు పడింది. పడ్డ ప్రతిసారీ ఒడ్డున ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నా చేతి దెబ్బలు తిన్న కుర్రవాడు అందరికంటే గట్టిగా కొట్టాడు. పదమూడోసారి నిలబడింది. మూడు లెక్కపెట్టేలోపల మళ్లీ పడింది, దానికే ఊరేగింపు చేసినంత పని చేశారు. నాకు సంతోషమైంది. దాంతోపాటే, దాచుకోవడం ఎందుకు, కుళ్లుగా కూడా అనిపించింది. మా అన్న ఇరవై దాకా నిలబడ్డాడు. ఎవరు కొట్టారు చప్పట్లు? పొద్దున్నే చెరువు కట్ట మీద నడకకు వచ్చే మా సిద్దిపేట పెద్దమనుషులు "మన కాలంల రెండు దెబ్బలు వడ్డయి కాబట్టే మంచిగైనం" అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరు మంచిగయ్యారు? ఒకప్పుడు నేనూ నోరు మూసుకుని వినేదాన్ని, ఇప్పుడు అక్కడికక్కడే కడిగేస్తాను. దెబ్బలు ఎవరినీ బాగుచేయవు. దెబ్బలు ఇంకేం చేస్తాయో మా ఇంట్లో తర్వాత నేను చూశాను, దాన్ని ఏమని పిలవాలో ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు.

కొత్త మోకు వచ్చింది. పదహారేళ్లయినా నిండని అన్న చెట్లన్నీ ఎత్తుకున్నాడు. మళ్లీ మత్తడి వైపు చూడలేదు, తర్వాత రెండుసార్లు దుంకినా చూడలేదు. బాపు మంచం అరుగు మీద వేశాం. ఎత్తడం, కడగడం, పక్కకు తిప్పడం అన్నీ అన్ననే చేసేవాడు. బాపు మాట్లాడేవాడు కాదు. అన్న దగ్గరికి వస్తే మాత్రం చెయ్యి లేచేది. కడిగేవాడి చెంప మీద, తినిపించేవాడి తల మీద, పక్కన ఏది దొరికితే దానితో. అవ్వ ఆయన దగ్గర్నుంచి చెంబు, కర్ర, విసనకర్ర అన్నీ తీసేసింది. చెయ్యి తీసేయలేం కదా. సాయంత్రం చెట్ల నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్న తన పళ్లెం పట్టుకుని సరిగ్గా ఆ మంచం పక్కనే నేల మీద కూర్చునేవాడు. ఇంత ఇల్లుంది, ఇంత అరుగుంది, అక్కడే. రోజూ తినేవాడు, అన్నమూ, దెబ్బలూ. ఒకరోజు నేను ఓర్చుకోలేక, వాడు రాకముందే, నా బలమంతా పెట్టి మంచాన్ని గోడ వైపుకు లాగాను. అన్న కూర్చునే చోటుకు రెండు చేతుల దూరం. బాపు నన్ను చూస్తూనే ఉన్నాడు. అన్న వచ్చాడు. చూశాడు. పళ్లెం తీసుకుపోయి మంచం దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"ఏందన్నా ఇది? నీకు దెబ్బలు తినబుద్ధైతుందా?" అని అరిచాను. అన్న ముద్ద కలుపుతూ, తలెత్తకుండా చెప్పాడు. "నడుం కింద పాణం లేదు లచ్చీ ఆయనకు. పని జేసేది గా చెయ్యొక్కటే. అందనియ్యి."

బాపు చెయ్యి లేచింది. అన్న తల కొంచెం వంచాడు, సరిగ్గా అందేటట్టు. నేను అన్నం ముందు నుంచి లేచి బయటికి పోయాను. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ ఇద్దరిలో ఎవరినీ నేను ఇంకా క్షమించలేదు.